బ్యుటైల్ గాస్కెట్‌లోంచి నీటి ఆవిరి ఎంత దూరుతోందో కప్పు పద్ధతిలో కొలుస్తుంటే రీడింగ్ నిలవడం లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

గాస్కెట్_విశాఖ (ప్రశ్న)

అందరికీ నమస్తే. స్తంభాల మీద బిగించే చిన్న సెన్సర్ డబ్బాలు తయారుచేస్తున్నాం. 10 సెం.మీ. ఘనాకారం, లోపల సుమారు లీటరు ఖాళీ. మూత చుట్టూ 3.53 మి.మీ. సిలికోన్ ఓరింగ్ కార్డు, మొత్తం పొడవు 40 సెం.మీ., స్క్వీజ్ (మూత బిగిస్తే కార్డు నొక్కుకునేది) 25 శాతం. ఐపీ67 పరీక్షలో, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచితే, ఒక్కటీ ఫెయిలవదు. అయినా వానాకాలంలో తెల్లవారుజామున మూత లోపలివైపు చెమ్మ పడుతోంది. నీళ్లు కారిన చారలేమీ లేవు. రబ్బరులోంచి ఆవిరే దూరుతోందని మా అనుమానం. సిలికోన్ తీసేసి బ్యుటైల్ రబ్బరు వేద్దామంటే, ఎంత తేడా వస్తుందో కొలిచి చూపించమంటున్నారు పైవాళ్లు.

అందుకని ఏఎస్‌టీఎం ఈ96 ప్రమాణంలోని డెసికెంట్ (తేమ పీల్చే పదార్థం) పద్ధతి మొదలుపెట్టాం: ఆవిరి లోపలికి దూరిన కొద్దీ కప్పు బరువు పెరుగుతుంది. అల్యూమినియం కప్పు, మూతి 60 మి.మీ. లోపల 200 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన కాల్షియం క్లోరైడ్ 50 గ్రాములు. పైన 2 మి.మీ. మందం రబ్బరు షీటు, అంచు చుట్టూ మామూలు ఆర్‌టీవీ (గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడే) సిలికోన్ సీలెంట్. ఛాంబర్ 23 డిగ్రీలు, 50 శాతం తేమ. తూకం 0.1 మి.గ్రా. వరకూ చూపిస్తుంది, రోజుకోసారి తూస్తున్నాం.

సిలికోన్ షీటు చక్కగా రోజుకు 36 మి.గ్రా. చొప్పున బరువు పెరుగుతోంది, గీత గీసినట్టు తిన్నగా. బ్యుటైల్ మాత్రం ఒకరోజు 1.1 పెరుగుతుంది, మర్నాడు 0.6 తగ్గుతుంది, ఆ తర్వాత 0.9 పెరుగుతుంది. డెసికెంట్ ఉన్న కప్పు బరువు తగ్గడమేంటో అర్థం కావడం లేదు. తూకం సర్వీసు చేయించాం, దాంట్లో లోపం లేదన్నారు. ఇంకేం చూడాలి?

---

వ్యాక్స్_కుండ

ముందు ఆ ఆర్‌టీవీ తీసేయండి సార్. సగం కథ అక్కడే ఉంది.

మీ సిలికోన్ షీటు అంకెనే లెక్కలోకి తీసుకుందాం. 36 మి.గ్రా.ను 60 మి.మీ. మూతి వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు రోజుకు 12.7 గ్రాములు. 23 డిగ్రీల దగ్గర సంతృప్త ఆవిరి పీడనం 2.81 కిలోపాస్కల్, అందులో సగం 1,404 పాస్కల్. 2 మి.మీ. మందంతో కలిపి చూస్తే పారగమ్యత (ఆవిరిని వదిలే గుణం) సుమారు 2.1×10⁻¹⁰ గ్రాములు, ప్రతి మీటరుకు, సెకనుకు, పాస్కల్‌కు. సిలికోన్‌కి ఇది సరైన అంకె. దాని మీద మీ కొలత బాగానే ఉంది.

ఇప్పుడు మీ సీలెంట్ గీతను చూడండి. అదీ సిలికోనే కదా. చుట్టుకొలత 0.2 మీటర్లు, షీటు కింద దాని ఎత్తు అర మిల్లీమీటరు, వెడల్పు 5 మి.మీ. అనుకుందాం. ఎత్తును వెడల్పుతో భాగిస్తే పదో వంతు. ఆ గీతలోంచే రోజుకు అర మి.గ్రా. ఆవిరి లోపలికి వెళ్తుంది. సిలికోన్ షీటు కొలిచేటప్పుడు 36లో అర మి.గ్రా. ఎవరికి కనిపిస్తుంది? బ్యుటైల్ సిలికోన్ కన్నా కొన్ని వందల రెట్లు తక్కువగా ఆవిరిని వదులుతుంది. 200 రెట్లు అనుకున్నా రోజుకు 0.18 మి.గ్రా. అంటే మీ కప్పులోకి షీటు గుండా వెళ్లేదానికన్నా సీలెంట్ గుండా వెళ్లేదే ఎక్కువ.

అదొక్కటే కాదు. వెనిగర్ వాసనొచ్చే ఆర్‌టీవీ గాలిలో తేమను పీల్చుకుని గట్టిపడుతుంది, గట్టిపడుతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అలా రోజుల తరబడి బరువు మారుతూనే ఉంటుంది. బరువు తగ్గడానికి అది ఒక కారణం.

ఈ96లో చెప్పిన మిశ్రమం వాడండి: మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ 60 శాతం, శుద్ధిచేసిన పారఫిన్ 40 శాతం. కరిగించి, షీటు కప్పు అంచు మీద కూర్చున్నాక చుట్టూ పోయాలి. షీటు పైన మూతి సైజుకి సరిపోయే లోహపు బిళ్ల పెట్టి, వ్యాక్స్ చల్లారాక తిప్పి తీసేస్తే వైశాల్యం కచ్చితంగా వస్తుంది. బిళ్ల అంచుకు ముందే సన్నగా పెట్రోలియం జెల్లీ రాయకపోతే వ్యాక్స్ కూడా దాంతోపాటు పెచ్చులా లేచొస్తుంది. బ్యుటైల్‌కి వ్యాక్స్ బాగా పట్టుకుంటుంది. సిలికోన్‌కి పట్టదు, చల్లారగానే అంచు విడిపోతుంది. దానికి బోల్టులతో బిగించే రింగు కప్పు తప్పదు.

---

తూకం_గది

పైన చెప్పింది నిజం. కానీ రీడింగ్ పైకీ కిందకీ ఊగడానికి అసలు కారణం గాలి ఎత్తుడు బలం. దాన్ని పట్టించుకోకుండా వ్యాక్స్ మార్చినా ఊగడం ఆగదు.

మూసిన కప్పు ఎంత గాలిని పక్కకు తోస్తుందో చూడండి. కప్పు, డెసికెంట్, లోపలి గాలి అంతా కలిపి 100 ఘన సెం.మీ. అనుకుందాం. ఒక్కో ఘన సెం.మీ. గాలి 1.2 మి.గ్రా., మొత్తం 120 మి.గ్రా. ఎత్తుడు. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే వాతావరణ పీడనం 10 హెక్టోపాస్కల్ తగ్గడం పెద్ద విశేషమేమీ కాదు, అది ఒక శాతం. గది ఉష్ణోగ్రత 3 డిగ్రీలు మారినా అంతే. తూకంలోని క్యాలిబ్రేషన్ బరువు కూడా కొంత గాలిని తోస్తుంది గనుక ఆ మేరకు తీసేసినా దాదాపు 1 మి.గ్రా. తేడా మిగులుతుంది. మీ బ్యుటైల్ రోజుకు పెరగాల్సింది అందులో ఐదో వంతు. తూకం సర్వీసువాళ్లు చెప్పింది అబద్ధం కాదు, అది ఉన్నదే చూపిస్తోంది.

దీనికి మందు డమ్మీ కప్పు. రెండు రకాల డమ్మీలు ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చెయ్యదు.

మొదటిది: అదే కప్పు, అదే బ్యుటైల్ షీటు, అదే వ్యాక్స్, లోపల డెసికెంట్ బదులు గాజు పూసలు. మొత్తం ఘనపరిమాణం అసలు కప్పుతో సమానంగా ఉండాలి. పీడనం, ఉష్ణోగ్రత మార్పులు, షీటు తనంతట తాను పీల్చుకునే లేదా వదిలే బరువు దీంట్లో కనిపిస్తాయి. ప్రతి తూకంలోనూ అసలు కప్పు రీడింగ్‌లోంచి దీని మార్పును తీసేయాలి. రెండూ పది నిమిషాల తేడాలో తూయాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తూస్తే చేసినా చెయ్యనట్టే.

రెండోది: డెసికెంట్ ఉంటుంది, షీటు బదులు స్టీలు బిళ్ల. సీలు గుండా ఎంత కారుతోందో ఇది చెబుతుంది. బ్యుటైల్ అంకెలో పదో వంతు దాటి ఇది పెరుగుతుంటే మీ సీలు పద్ధతి ఇంకా పనికిరాదు.

కప్పు స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి. అనోడైజ్ చేసిన అల్యూమినియం పైపొర సన్నని రంధ్రాలమయం, అదే తేమను పట్టుకుంటుంది. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. తూసే ముందు కప్పును నెమ్మదిగా కదిలించి డెసికెంట్‌ను కలపండి, లేకపోతే పైన గడ్డకట్టి కింది భాగం వృథాగా ఉంటుంది. డెసికెంట్ బరువులో పదో వంతు నీళ్లు చేరితే పరీక్ష ఆపేయాలి. బ్యుటైల్‌తో మీకు ఆ బెంగ లేదు, సిలికోన్‌తో 50 గ్రాములకు 5 గ్రాములు చేరడానికి నాలుగు నెలలు పైనే పడుతుంది. డెసికెంట్‌ను వేడివేడిగా పోసి మూసేయకండి. లోపలి గాలి చల్లారి కుంచించుకుంటే షీటు లోపలికి గుంటపడి మందం, వైశాల్యం రెండూ మారిపోతాయి.

---

గాస్కెట్_విశాఖ

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆర్‌టీవీ విషయం చదివాక తల కొట్టుకున్నాం. రెండు సందేహాలు. డమ్మీ తీసేశాక కూడా రోజుకు 0.18 మి.గ్రా. అంటే 0.1 చూపే తూకం మీద ఎన్నాళ్లు కూర్చోవాలి? ఇంకోటి, బోల్టు రింగు కప్పు చేయించుకుంటే గ్రీజు రాయాలా? మా దగ్గర సిలికోన్ వ్యాక్యూమ్ గ్రీజు ఉంది.

---

రబ్బరు_మిక్సర్

సిలికోన్ గ్రీజు వద్దు, కారణం మీకు పైన అర్థమయ్యే ఉంటుంది. హైడ్రోకార్బన్ వ్యాక్యూమ్ గ్రీజు కూడా వద్దు. బ్యుటైల్, ఈపీడీఎం రబ్బర్లు రెండూ ఖనిజ తైలాలకు ఉబ్బుతాయి. ఫ్లోరినేటెడ్ గ్రీజు, క్రైటాక్స్ లాంటిది, వేలికి అంటీ అంటనంత రాస్తే చాలు. ఫ్లాంజ్ (షీటు కూర్చునే అంచు) నున్నగా రుద్ది ఉంటే అదీ అక్కర్లేదు, రబ్బరే కూర్చుంటుంది. బోల్టులు మరీ బిగిస్తే షీటు మధ్యలో ఉబ్బి మందం మారుతుంది. బిగించాక మందం మళ్లీ కొలవండి.

ఇక ఎన్నాళ్లు అన్న ప్రశ్న. నన్నడిగితే 2 మి.మీ. షీటుతో 23 డిగ్రీల దగ్గర బ్యుటైల్‌ను కొలవడమే తప్పు ఎంపిక. పరీక్షను ఇలా మార్చండి:

షీటు 0.5 మి.మీ. మందంతో మౌల్డ్ చేయించండి: నాలుగు రెట్లు.
మూతి 60 బదులు 90 మి.మీ.: రెండుంపావు రెట్లు.
23 డిగ్రీలు, 50 శాతం బదులు 38 డిగ్రీలు, 90 శాతం: పీడన భేదం 1.4 నుంచి దాదాపు 6 కిలోపాస్కల్‌కి పోతుంది, నాలుగుంపావు రెట్లు.

మూడూ కలిపితే 38 రెట్లు. 0.18 కాస్తా దాదాపు 7 మి.గ్రా. అవుతుంది. వేడికి పారగమ్యత కూడా మారుతుంది గనుక అసలు అంకె దీనికన్నా కాస్త అటూ ఇటూ ఉంటుంది. రోజుకు 7 మి.గ్రా. మీ తూకానికి పెద్ద లెక్క కాదు.

సన్న షీటుతో ఇంకో లాభం ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆవిరి షీటు దాటి స్థిరంగా ప్రవహించడానికి ముందు కొంత ఆలస్యం ఉంటుంది. మందం వర్గాన్ని వ్యాపన గుణకానికి (పదార్థంలో ఆవిరి ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకె) ఆరు రెట్లతో భాగిస్తే ఆ ఆలస్యం వస్తుంది. సిలికోన్‌లో నీరు చాలా వేగంగా కదులుతుంది, 2 మి.మీ. షీటుకైనా పది నిమిషాల లోపే. అదే ఏదైనా గట్టి కాంపౌండ్‌లో వ్యాపన గుణకం సెకనుకు 10⁻¹² చదరపు మీటర్లు ఉందనుకోండి, 2 మి.మీ. షీటుకు ఆలస్యం వారం పైనే. నిలకడ రావడానికి దానికి మూడింతలు, అంటే మూడు వారాలు ఆగాలి. అర మిల్లీమీటరుకు ఇదంతా పదహారో వంతు. ఆలస్యం గడవకముందే వచ్చిన రీడింగ్‌లను సగటు తీసి "బ్యుటైల్ అద్భుతం" అని రిపోర్టు రాసేవాళ్లున్నారు. సమయానికి ఎదురుగా బరువు గీసి, గీత తిన్నగా మారిన చోటి నుంచి కనీసం ఆరు బిందువుల వాలు తీసుకోవాలి. మొదటి బరువు, చివరి బరువు తీసుకుని రోజులతో భాగించడం కాదు.

షీటు మాత్రం గాస్కెట్ ఏ కాంపౌండ్‌తో చేస్తారో సరిగ్గా అదే అయ్యుండాలి. కార్బన్ బ్లాక్ ఎంత, నూనె ఎంత, క్యూర్ (రబ్బరును గట్టిపరచడం) ఎలా అన్నవాటితో అంకె మారిపోతుంది. "బ్యుటైల్" అన్న పేరు ఒక్కటే చూసి పుస్తకంలో అంకె పట్టుకురావద్దు. సిలికోన్ షీటు పెరాక్సైడ్ క్యూర్ అయితే 200 డిగ్రీల దగ్గర 4 గంటల పోస్ట్‌క్యూర్ అయిందో లేదో అడగండి. కాకపోతే క్యూర్ మిగుళ్లు బయటికి పోతూ బరువు తగ్గిస్తాయి.

---

తూకం_గది

పై పద్ధతికి ఒక జాగ్రత్త. 38 డిగ్రీల ఛాంబర్‌లోంచి తీసిన కప్పును వెంటనే తూకం మీద పెట్టకండి. వెచ్చని కప్పు చుట్టూ గాలి పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది, నిమిషం నిమిషానికీ రీడింగ్ జారుతూ ఉంటుంది. ప్రతిసారీ ఒకే సమయం, ఉదాహరణకు 30 నిమిషాలు, తూకం పక్కనే చల్లారనిచ్చి డమ్మీతో పాటే తూయండి. బ్యుటైల్ లాంటి తక్కువ పారగమ్యత పదార్థానికి ఆ అరగంట లెక్కలోకి రాదు. సిలికోన్‌కి వస్తుంది, దాన్ని 23 డిగ్రీల దగ్గరే కొలుచుకోండి.

90 శాతం తేమకు ఖరీదైన ఛాంబర్ లేకపోతే, మూతపడే డబ్బాలో ఉప్పు ముద్ద పెట్టండి. సోడియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం మామూలు ఉష్ణోగ్రతల పరిధిలో 75 శాతం దగ్గర నిలబడుతుంది, పెద్దగా కదలదు. 90 బదులు 75 వాడితే పోయేదేమీ లేదు, లెక్కలో పీడన భేదం మార్చుకుంటే సరి. అడుగున కరగని ఉప్పు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. చిన్న ఫ్యాను పెట్టి గాలి కదిలించండి.

అంచు సవరణ కూడా ఉంది. వ్యాక్స్ కింద దాగిన అంచులోకి ఆవిరి పక్కగా పాకుతుంది. 60 మి.మీ. మూతికి 2 మి.మీ. షీటయితే దాదాపు 3 శాతం ఎక్కువ చూపిస్తుంది. 90 మి.మీ.కి అర మిల్లీమీటరు షీటయితే అర శాతం, వదిలేయొచ్చు.

---

ఫిల్మ్_టెస్టర్

నేను ప్యాకేజింగ్ ఫిల్ముల వైపు వాడిని. మా దగ్గర కప్పు పద్ధతి దాదాపు మూలపడింది, ఏఎస్‌టీఎం ఎఫ్1249 ప్రకారం ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ యంత్రాలే వాడతాం. ఒకవైపు తేమ గాలి, ఇంకోవైపు పొడి నైట్రోజన్, నైట్రోజన్ మోసుకొచ్చిన ఆవిరిని సెన్సర్ లెక్కపెడుతుంది. బరువు గొడవ, గాలి ఎత్తుడు గొడవ ఉండవు. ఐఎస్ఓ 15106లో మూడో భాగం ఎలక్ట్రోలిటిక్ సెన్సర్: ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పూత నీటిని పట్టుకుంటుంది, దాన్ని విద్యుత్తుతో విడగొట్టి ఛార్జి కొలుస్తారు. ఒక మైక్రోగ్రాము నీటికి 10.7 మిల్లీకూలంబులు, ఫారడే లెక్క.

బయట ల్యాబ్‌కి ఇస్తే రెండు విషయాలు చూసుకోండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉంది అంటే సరిపోదు, వాళ్ల స్కోపులో ఈ పద్ధతి ఉందో లేదో అడగండి. 2 మి.మీ. రబ్బరు షీటు తీసుకుంటారో లేదో కూడా అడగండి, చాలా సెల్‌లు సన్నని ఫిల్ముల కోసం చేసినవి, మందమైన రబ్బరు అంచులోంచి గదిలోని తేమ దూరుతుంది. సిలికోన్ లాంటిదైతే సెన్సర్ మునిగిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ మాస్కుతో వైశాల్యాన్ని 50 చదరపు సెం.మీ. నుంచి 5కి తగ్గించి పెట్టాలి.

మీ యంత్రమో కప్పో సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి తెలిసిన ఫిల్ము ఒకటి దగ్గర పెట్టుకోండి. 25 మైక్రాన్ల ఎల్‌డీపీఈ (ఒక రకం పాలిథీన్) ఫిల్ము 38 డిగ్రీలు, 90 శాతం దగ్గర చదరపు మీటరుకు రోజుకు సుమారు 15 నుంచి 25 గ్రాముల మధ్య వస్తుంది. 60 వచ్చిందంటే సీలు కారుతోంది, 3 వచ్చిందంటే డెసికెంట్ చచ్చిపోయింది.

ఇంకా మంచిది: షీటు కాదు, అసలు ఓరింగ్‌నే కొలవడం. రెండు స్టీలు బిళ్లలు, ఒకదాంట్లో మీ డబ్బాలో ఉన్న కొలతలకే గ్రూవ్, మధ్యలో నైట్రోజన్ వచ్చే పోయే రెండు గొట్టాలు బ్రేజ్ చేసి పెట్టాలి. మొత్తాన్ని తేమ డబ్బాలో ఉంచి, వచ్చే నైట్రోజన్‌ను సెన్సర్‌కి ఇవ్వాలి. గొట్టాలు లోహానివే వాడండి. ప్లాస్టిక్ గొట్టం ఒక మీటరు పెట్టినా మీరు కొలిచేది గొట్టాన్నే. బయట కూడా పొడి నైట్రోజన్ పెట్టి సున్నా రీడింగ్ తీసుకుని, తర్వాత తేమకు మార్చండి.

---

డిజైన్_డెస్క్

చర్చ బాగుంది. కానీ ఎవరూ అడగలేదు: డబ్బా దేంతో చేశారు?

---

గాస్కెట్_విశాఖ

పాలికార్బొనేట్. గోడ 3 మి.మీ.

---

డిజైన్_డెస్క్

అయితే బ్యుటైల్ వేసినా మీ చెమ్మ తగ్గదు. లెక్క చూడండి.

బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ, లోపల పూర్తిగా పొడి అనుకుందాం. పీడన భేదం 3.39 కిలోపాస్కల్. 3.53 మి.మీ. కార్డు 25 శాతం నొక్కుకుంటే ఎత్తు 2.65, వెడల్పు సుమారు 3.7, నిష్పత్తి 0.7. దాన్ని 40 సెం.మీ. పొడవుతో, మీరు కొలిచిన 2.1×10⁻¹⁰తో గుణిస్తే సిలికోన్ ఓరింగ్ గుండా రోజుకు 17 మి.గ్రా.

ఇప్పుడు గోడలు. పాలికార్బొనేట్ పారగమ్యత అదే ప్రమాణంలో సుమారు 8×10⁻¹², సిలికోన్‌తో పోలిస్తే ఎంతో తక్కువ. కానీ మీ డబ్బాకు ఆరు గోడలు, 0.06 చదరపు మీటర్లు, మందం మూడే మిల్లీమీటర్లు. రోజుకు 47 మి.గ్రా. అంటే ఓరింగ్ గుండా పోయేదానికి రెండున్నర రెట్లకు పైగా గోడల గుండానే పోతోంది. లీటరు గాలి 30 డిగ్రీల దగ్గర పట్టుకోగలిగే నీరే 30 మి.గ్రా. గోడలొక్కటే ఉన్నా లోపలి తేమ బయటిదానికి దగ్గరపడే కాలమానం 12 గంటలు. గోడ తనలో నీరు దాచుకుంటుంది గనుక నిజంలో దీనికన్నా నెమ్మదిగా జరుగుతుంది.

బాడీ అల్యూమినియం డైకాస్ట్‌కి మారిస్తే అప్పుడు ఓరింగ్ ప్రశ్న అసలైన ప్రశ్న అవుతుంది. సిలికోన్‌తో కాలమానం సుమారు 34 గంటలు. మీ కొలతలో బ్యుటైల్ 200 రెట్లు తక్కువ తేలితే అది తొమ్మిది నెలలు. లోహపు డబ్బాలో బ్యుటైల్ వల్ల లాభం అంత. పాలికార్బొనేట్ డబ్బాలో దాదాపు సున్నా.

కిటికీ కోసం 60 × 60 మి.మీ. పాలికార్బొనేట్ లెన్సు ఒకటి ఉంచితే అదొక్కటే రోజుకు దాదాపు 3 మి.గ్రా. వదులుతుంది, బ్యుటైల్ ఓరింగ్‌కి ముప్ఫై రెట్లు. గాజు పెట్టండి. గాజు అంటించడానికి సిలికోన్ జిగురు వాడితే మళ్లీ మొదటికొస్తాం. కేబుల్ గ్లాండ్ కూడా మర్చిపోవద్దు, తీగ పోగుల మధ్య సందుల్లోంచి గాలి, తేమ పొడవునా వస్తాయి.

డెసికెంట్ సంచి లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. 10 గ్రాముల మాలిక్యులర్ సీవ్ సుమారు 2 గ్రాముల నీరు పట్టుకుంటుంది. ఇప్పటి డబ్బాకు రోజుకు 64 మి.గ్రా. చొప్పున నెలలో అయిపోతుంది. అల్యూమినియం, బ్యుటైల్, పాలికార్బొనేట్ లెన్సు కలయికకు దాదాపు రెండేళ్లు వస్తుంది.

ఐపీ67 గురించి ఒక మాట. అది సందుల్లోంచి నీళ్లు కారకుండా చూసే పరీక్ష. పదార్థం లోపలి నుంచి అణువులుగా దూరే ఆవిరికీ దానికీ సంబంధం లేదు. హీలియం లీకు పరీక్ష చేయమని ఎవరైనా సలహా ఇస్తారు. అదీ నిమిషంలో ముగించే పరీక్షయితే హీలియం రబ్బరు దాటేలోపే పాస్ ముద్ర పడిపోతుంది. ఆగి చూసినా సిలికోన్‌లో నీటి పారగమ్యత హీలియంకు సుమారు వంద రెట్లు, కాబట్టి ఒకదాని అంకెతో ఇంకోదాన్ని ఊహించలేం.

---

గాస్కెట్_విశాఖ

గోడల లెక్క మాకు తట్టనే లేదు. పరీక్ష జాబితాలో పాలికార్బొనేట్ ప్లేటు కూడా చేర్చుతున్నాం, బ్యుటైల్ 0.5 మి.మీ. షీటు, రెండు రకాల డమ్మీలు. పాలికార్బొనేట్‌కి 3 మి.మీ. ప్లేటే వాడొచ్చా?

---

రబ్బరు_మిక్సర్

వాడొచ్చు. చదరపు మీటరుకు రోజుకు 23 డిగ్రీల దగ్గర 0.3 గ్రాముల పైచిలుకు వస్తుంది, 90 మి.మీ. మూతికి 2 మి.గ్రా. డమ్మీతో సరిపోతుంది. 1 మి.మీ. షీటు దొరికితే త్వరగా తేలుతుంది. ప్లేటును ముందుగా ఛాంబర్‌లో ఉంచి దాని బరువు నిలిచాకే కప్పుకి బిగించండి.

---

పంపు_సీల్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నీరు కాకుండా పెట్రోల్ ఆవిరికి ఇదే కప్పు పద్ధతి నడుస్తుందా? ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక ఎన్‌బీఆర్ (నైట్రైల్ రబ్బరు) ఓరింగ్‌ల దగ్గర వాసన ఫిర్యాదులు వస్తున్నాయి.

---

రబ్బరు_మిక్సర్

సూత్రం అదే, దిశ తిరగబడుతుంది. ఎస్ఏఈ జే2665 చూడండి: కప్పులో ఇంధనం, పైన షీటు, బరువు తగ్గడం కొలుస్తారు. థ్వింగ్-ఆల్బర్ట్ వేపొమీటర్ కప్పులు దీనికి ఎక్కువగా వాడతారు. కప్పు నిలబెడితే షీటుకు ఆవిరి తగులుతుంది, బోర్లిస్తే ద్రవమే తగులుతుంది. మీ సీలు దేన్ని చూస్తుందో అలా పెట్టండి.

మూడు తేడాలున్నాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఎన్‌బీఆర్, ఎఫ్‌కేఎం (ఫ్లోరిన్ ఉన్న రబ్బరు) రెండింటినీ ఎక్కువ ఉబ్బించి పారగమ్యతను పెంచుతుంది, అందుకే పంపు పెట్రోల్‌తో కాకుండా తెలిసిన మిశ్రమంతో పరీక్షించాలి. ఎఫ్‌కేఎంలో ఫ్లోరిన్ 66 శాతం గ్రేడు కన్నా 70 శాతం గ్రేడు తక్కువ వదులుతుంది. రెండోది, ఇంధనంలో ఏదో ఒక భాగం ముందు పోతే మిగిలిన మిశ్రమం మారిపోతుంది, కాబట్టి పరీక్ష మధ్యలో కొత్త ఇంధనం నింపుతూ ఉండాలి. షీటును కూడా ముందుగానే అదే ఇంధనంలో నానబెట్టి నిలకడకు తేవాలి. మూడోది, నానిన రబ్బరు మెత్తబడి బోల్టుల బిగువు వదులవుతుంది. మొదటి రోజు తర్వాత టార్క్ మళ్లీ చూసి బిగించకపోతే మీరు కొలిచేది ఫ్లాంజ్ లీకు.

కప్పు నిండా పోయకండి, వేడికి వ్యాకోచించడానికి ఖాళీ వదలాలి. 40 డిగ్రీల ఓవెన్ అంటే మామూలు ల్యాబ్ ఓవెన్ కుదరదు. లోపల నిప్పురవ్వ వచ్చే హీటర్, స్విచ్చు ఏవీ ఉండకూడదు, ఆవిరి బయటికి లాగే ఎగ్జాస్ట్ నిరంతరం నడుస్తూ ఉండాలి.